కొలవని అన్నమే అసలు చిక్కు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 47. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాము. హైస్కూల్లో లెక్కల టీచరుగా పనిచేస్తున్నాను. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. మా అమ్మకు షుగరు ఉంది. నాలుగు నెలల క్రితం చేయించుకున్న పరీక్షలో పరగడుపున 112, మూడు నెలల సగటు షుగరు చూపే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చాయి. ఇది ప్రీడయాబెటిస్, అంటే షుగరు జబ్బుకు ముందు దశ అనీ, తిండి విషయంలో జాగ్రత్తగా ఉంటే ఇప్పుడే మందులు అక్కర్లేదనీ డాక్టరు చెప్పారు. ఆ రోజు నుంచి కాఫీలో పంచదార మానేసి బెల్లం వేసుకుంటున్నాను. ఉదయం టిఫినుకు బదులు రాగిజావ, రాత్రి అన్నానికి బదులు నాలుగు పుల్కాలు తీసుకుంటున్నాను. స్వీట్ల జోలికి పోవడం లేదు. అయినా మొన్నటి పరీక్షలో 6.2 వచ్చింది. హిమోగ్లోబిన్ 9.8 ఉంది. ఇంతగా నోరు కట్టుకున్నా ఫలితం లేకపోయిందని బాధగా ఉంది. మధ్యాహ్నం తినే అన్నం కూడా పూర్తిగా మానేయాలా?
ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, అన్నం మానేయనక్కర్లేదు, కొలవాలి. మీరు నోరు కట్టుకున్నది నిజమే కానీ, కట్టుకోవలసిన చోట కాకుండా మరో చోట కట్టుకున్నారు. మీ పొరపాటు కూడా కాదిది. షుగరు అనగానే పంచదార డబ్బా పైఅరలోకి ఎక్కించడమే పథ్యమని మనందరికీ చిన్నప్పటి నుంచి అలవాటైపోయింది.

ముందు మీ పరీక్షల సంగతి చూద్దాం. పరగడుపున 100 నుంచి 125 మిల్లీగ్రాముల మధ్య, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అంటాము. మీ అంకెలు రెండూ ఆ పరిధిలోనే ఉన్నాయి కనుక నిర్ధారణలో సందేహం లేదు. అయితే 6.1 నుంచి 6.2కు మారడాన్ని జబ్బు ముదిరినట్లుగా తీసుకోకండి, ఆ మాత్రం తేడా పరీక్షలోనే వస్తుంది. పైగా మీకు రక్తం తక్కువగా ఉంది. ఇనుము లోపం ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే కొద్దిగా ఎక్కువగా చూపవచ్చు. కాబట్టి రక్తహీనతకు కారణమేమిటో, ముఖ్యంగా నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా అవుతోందేమో మీ డాక్టరు గారికి చెప్పి దానికి వైద్యం చేయించుకోండి. భోజనం చేసిన వెంటనే కాఫీ, టీ తాగితే తిన్న ఆహారంలోని ఇనుము సరిగా ఒంటబట్టదు కనుక ఆ కాఫీని గంట తరువాతకు జరపండి. ఆ కాఫీలో బెల్లం కూడా వద్దు. బెల్లంలో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఉన్నది చక్కెరే. తేనె కూడా ఇంచుమించు అంతే.

ఇక అసలు విషయానికి వస్తాను. మన గుంటూరు, కృష్ణా జిల్లాల భోజనం ఎలా సాగుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. మొదట పప్పులో ఒక వాయి అన్నం, తరువాత కూరలో ఒక వాయి, పచ్చడిలోనో ఆవకాయలోనో రెండు ముద్దలు, ఆ పైన పప్పుచారుతో ఒక వాయి, చివర పెరుగన్నం. ప్రతిసారీ పెట్టుకున్నది హస్తంతో కొంచెమే అనిపిస్తుంది. అయిదు కొంచేలు కలిసి ఎంతయ్యాయో ఎవరూ లెక్క పెట్టరు. నా దగ్గరకు వచ్చేవారికి నేను మొదట చెప్పే పని, ఒక మధ్యాహ్నం పూట తాము మామూలుగా తినే అన్నమంతా ఒకేసారి గిన్నెలోకి తీసి వంటింటి త్రాసు మీద తూచి, ఆ గిన్నెలో నుంచే వడ్డించుకోమనడం. "నేను తినేది పిడికెడే" అని నాతో గట్టిగా వాదించిన ఒక ఇల్లాలు మరుసటి వారం వచ్చి 370 గ్రాములు అని చెప్పి, నా ముఖంలోకి చూడకుండా తన చేతిసంచీలోకి చూస్తూ కూర్చున్నారు. వండిన తెల్లన్నం నూరు గ్రాములలో దాదాపు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఆ లెక్కన ఆమె ఒక్క పూటలో తిన్నది నూరు గ్రాములకు పైనే. కాఫీలో మానేసిన చెంచాడు పంచదార అయిదు గ్రాములు. మీరు లెక్కల టీచరు, ఇంతకంటే నేను వివరించనక్కర్లేదు.

మీ రాత్రి పుల్కాలకు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. ఒక్కో పుల్కాకు ముప్ఫై గ్రాముల గోధుమపిండి పట్టినా నాలుగింటిలో కలిపి 75 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. అంటే మీరు మానేసిన అన్నం వేరే రూపంలో కంచంలోకి తిరిగి వచ్చింది. గోధుమలో పీచు, మాంసకృత్తులు కొంత ఎక్కువే గానీ, అది అన్నానికి విరుగుడు కాదు. రాగులలో కాల్షియం పుష్కలంగా ఉంటుంది, మంచి ధాన్యం, కాదనను. కానీ మెత్తటి పిండిని నీళ్లలో ఉడికించి జావగా తాగితే నమలాల్సిన పని ఉండదు, జీర్ణం కావడానికి సమయమూ పట్టదు, రక్తంలోకి గ్లూకోజు త్వరగా చేరిపోతుంది. కొర్రలు, సామలు, అరికెలు తెల్ల బియ్యం కంటే మేలే, వాటిని అన్నంలా వండుకుని తినవచ్చు. అయినా వాటిలోనూ ప్రధానంగా ఉన్నది పిండిపదార్థమే కనుక సిరిధాన్యం కదా అని రెండింతలు పెట్టుకుంటే వచ్చే లాభమంతా అక్కడే కరిగిపోతుంది.

బియ్యం రకం మార్చమంటారా అని చాలామంది అడుగుతారు. మన ఇళ్లలో తరతరాల నుంచి ఉన్నట్లుగా అనిపించే బీపీటీ 5204 సాంబమసూరి నిజానికి బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన వంగడం. అన్నం సన్నగా, పొడిపొడిగా, రుచిగా ఉంటుంది. పాలిష్ పట్టిన సన్నబియ్యం చాలావరకు షుగరును వేగంగానే పెంచుతుంది. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన కేంద్రం, భారత వరి పరిశోధన సంస్థ కలిసి తయారు చేసిన మెరుగుపరచిన సాంబమసూరికి గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక షుగరును ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె, 51 దగ్గర ఉంది, అంటే అది తక్కువ తరగతిలోకి వస్తుంది. అది నమ్మకంగా దొరికితే వాడండి. దంపుడు బియ్యం అలవాటైతే అదీ మంచిదే. ఏది వాడినా కొలత మాత్రం మారదు.

ఆ కొలత ఎంత అంటే, మీ ఎత్తుకూ బరువుకూ మధ్యాహ్నం వండిన అన్నం 150 గ్రాములు, అంటే మామూలు స్టీలు కప్పుతో అదమకుండా చదునుగా ఒక కప్పు. ఆ కప్పుతోనే పప్పన్నం, చారన్నం, పెరుగన్నం అన్నీ అయిపోవాలి. ఇది చదవగానే ఆకలితో లేవాల్సి వస్తుందని మీరు భయపడతారని తెలుసు. ఆకలి తీర్చాల్సింది కూర, పప్పు, పెరుగు. అయితే అక్కడ మనకొక ఇబ్బంది ఉంది, దాని గురించి ఎవరూ చెప్పగా నేను వినలేదు కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

మన కూరలు అన్నంలో కలుపుకోవడానికి వండేవి. ఉప్పూ కారమూ నూనే కూరకు సరిపడా కాదు, అది కలిసే అన్నానికి సరిపడా వేస్తాము. అందుకే గుంటూరు కారంతో వండిన వంకాయ కూరను ఉత్తగా నాలుగు చెంచాలు తినడం ఎవరి తరమూ కాదు, వెంటనే అన్నం కావాలనిపిస్తుంది. ఇక గోంగూర పచ్చడి, ఆవకాయ ఎంత అన్నాన్నయినా లాగేస్తాయి. కాబట్టి షుగరు తగ్గాలంటే ముందు మారాల్సింది కూర వండే తీరు. రెండింతలు కూరగాయలు తీసుకోండి, కారమూ ఉప్పూ మునుపటి దానిలో సగానికి తెండి, నూనె కొలిచి పోయండి. బీరకాయ, సొరకాయ, దొండకాయ, బెండకాయ, గోరుచిక్కుడు, తోటకూర వంటివి ఇలా వండితే ఒక గిన్నెడు కూరను చెంచాతో ఉత్తగానే తినవచ్చు. బంగాళాదుంప, చేమ, కంద, పెండలం మాత్రం కూరల లెక్కలోకి రావు, వాటిని అన్నం లెక్కలో వేసుకోండి. పప్పును పలుచగా కాకుండా ముద్దగా వండి ఒక కప్పు తీసుకోండి. మాంసాహారం అలవాటుంటే చేపల పులుసులోని ముక్కలు, కోడిగుడ్లు, చికెన్ అన్నీ ఆకలిని ఆపేవే.

తినే వరుస కూడా మార్చండి. కూరలు, పప్పు మొదట తిని, అన్నం చివర తింటే అదే భోజనానికి షుగరు పెరుగుదల తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. ముందుగా పీచు, మాంసకృత్తులు చేరిన కడుపు నిదానంగా ఖాళీ అవుతుంది కనుక గ్లూకోజు కూడా నిదానంగా రక్తంలో కలుస్తుంది. మొదటి ముద్ద నెయ్యి వేసిన పప్పన్నమే కావాలని పెద్దవారు పట్టుబడితే నేను అడ్డు చెప్పను, ఆ ముద్ద తిని కూర గిన్నె వైపు తిరగమంటాను. పెరుగన్నం స్థానంలో మజ్జిగ తాగడం అలవాటు చేసుకుంటే ఒక వాయి అన్నం దానంతటదే తగ్గిపోతుంది.

ఉదయానికి జావ బదులు పెసరట్టు వేసుకోండి. పొట్టు పెసలు నానబెట్టి, బియ్యం కలపకుండానో గుప్పెడు మాత్రం కలిపో రుబ్బుకుంటే రెండు అట్లు చాలు, మధ్యలో ఉప్మా వద్దు. అల్లం పచ్చడిలో మనం బెల్లం వేస్తాము, అది గమనించి మీ వాటా పచ్చడి బెల్లం పడకముందే తీసిపెట్టుకోండి. మన ఇడ్లీ బియ్యపు రవ్వతో చేసేది కనుక దానిని అన్నంగానే భావించి, రెండింటితో ఆగి, సాంబారు గిన్నె నిండుగా తీసుకోండి. రాత్రికి రెండు పుల్కాలు, కూర రెండింతలు. సాయంత్రం ఆకలైతే ఉడికించిన శనగలు, గుప్పెడు వేరుశనగ పప్పు, లేదా ఒక జామకాయ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కూడా రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించకూడదు, మన కంచంలో ఆ వాటా ఎక్కడి దాకా వెళ్లిందో ఆ 370 గ్రాముల గిన్నే చెబుతుంది.

ఇదంతా శ్రమ పడాల్సినంత విషయమేనా అంటే, అవును. చెన్నైలో జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనంలో ప్రీడయాబెటిస్ ఉన్నవారిలో ఏ మార్పూ చేసుకోని వర్గంలో మూడేళ్లలో నూటికి 55 మందికి మధుమేహం వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవారిలో నూటికి 39 మందికి వచ్చింది. అమెరికాలో 2002 నాటి పెద్ద అధ్యయనంలో ఏడు శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో ముప్పు 58 శాతం తగ్గింది. మీ విషయంలో ఏడు శాతమంటే అయిదు కిలోలకు కొంచెం తక్కువ. ఆరు నెలల వ్యవధి పెట్టుకోండి, అంతకంటే తొందర వద్దు. భోజనం అయిన పావుగంటకు లేచి పదిహేను నిమిషాలు నడవండి. నడిచే కాళ్ల కండరాలు రక్తంలోని గ్లూకోజును వెంటనే వాడుకుంటాయి. స్కూల్లో అయితే వరండాలో రెండు మూడు చుట్లు తిరిగినా సరిపోతుంది. మూడు నెలల తరువాత, రక్తహీనతకు వైద్యం జరిగాక, పరగడుపు పరీక్షా హెచ్‌బీఏ1సీ రెండూ కలిపి మళ్లీ చేయించండి. మూత్రపిండాల సమస్య ఏదైనా ఉంటే పప్పు, గుడ్లు పెంచే ముందు మీ డాక్టరు గారిని అడగండి.

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాల దుకాణం నడుపుతున్నాను. ఎత్తు 172, బరువు 64 కిలోలు. అందరూ సన్నగా ఉన్నావంటారు. అయినా కంపెనీ వాళ్లు పెట్టిన ఉచిత శిబిరంలో హెచ్‌బీఏ1సీ 5.9 వచ్చింది. పొద్దున హోటల్ టిఫిను, రోజుకు ఏడెనిమిది టీలు, దుకాణం కట్టేసి ఇంటికెళ్లేసరికి రాత్రి పదిన్నర, అప్పుడు భోజనం. లావుగా లేని నాకు ఇది ఎందుకు వచ్చింది? నేనూ బరువు తగ్గాలా?
ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: బరువు తగ్గనక్కర్లేదు. మీరు ముందు ఒక టేపు తీసుకుని, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య భాగంలో, గాలి వదిలిన తరువాత, పొట్ట లోపలికి పీల్చకుండా కొలత తీయండి. ప్యాంటు సైజు చూసి చెప్పకండి, ప్యాంటు పొట్ట కిందకు జారిపోయి చాలా ఏళ్లయి ఉంటుంది. మన దేశపు మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే లోపల కాలేయం, పేగుల చుట్టూ కొవ్వు చేరిందని అర్థం. చేతులు కాళ్లు సన్నగా ఉండి కండ తక్కువగా, పొట్ట మాత్రం ముందుకు వచ్చిన ఒళ్లు మన వాళ్లలో చాలా సాధారణం. తిన్న గ్లూకోజును ఎక్కువగా దాచుకోవాల్సింది కండరాలే కనుక, కండ తక్కువైతే ఆ గ్లూకోజుకు చోటు తక్కువవుతుంది. 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో ప్రీడయాబెటిస్ ఉన్నవారు 13 కోట్ల 60 లక్షల మంది, వారిలో మీలాగా సన్నగా కనిపించేవారు కూడా ఎందరో ఉంటారు.

పైన గుంటూరు టీచరు గారికి పంచదార చిన్న విషయమని రాశాను. మీ విషయంలో అది చిన్నది కాదు. టీకి రెండు చెంచాల లెక్కన ఏడు టీలకు డెబ్బై గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిపిన చక్కెరల పరిమితి మొత్తం శక్తిలో పది శాతం లోపు, అంటే దాదాపు యాభై గ్రాముల లోపు ఉండాలనీ, అందులో సగానికి తగ్గితే ఇంకా మంచిదనీ చెబుతోంది. దుకాణంలో వచ్చినవారికి టీ చెప్పడం మర్యాద, అందరితో పాటు తాగకపోతే బాగుండదన్న ఇబ్బంది నాకు అర్థమవుతుంది. టీ కొట్టు అబ్బాయికి ఒక్కసారి చెప్పిపెట్టండి, మీ గ్లాసు పంచదార లేకుండా వస్తుంది. రెండు వారాలు చప్పగా ఉంటుంది, తరువాత మామూలు టీ తాగితేనే తీపి మొహం మొత్తుతుంది.

రాత్రి పదిన్నర భోజనం మీకు రెండో చిక్కు. అదే అన్నం పగలు తిన్నప్పటి కంటే రాత్రి పొద్దుపోయాక తింటే షుగరు ఎక్కువగా పెరుగుతుంది, ఆ వెంటనే పడుకుంటాము కనుక ఖర్చయ్యే దారి కూడా ఉండదు. ఏడున్నరకు దుకాణంలోనే బాక్సు తెరవండి, అందులో రెండు చపాతీలు, కూర, రెండు ఉడికించిన గుడ్లు లేదా పప్పు ఉండాలి. ఇంటికెళ్లాక గ్లాసు మజ్జిగ చాలు. ఉదయం పూరీ, మైసూరు బజ్జీ వంటివి వారానికి ఒకసారికి పరిమితం చేయండి. కండ పెరగడానికి వారంలో మూడు రోజులు గుంజీలు, గోడకు చేతులు ఆనించి చేసే దండాలు, ఆ తరువాత నేల మీద దండాలు చేయండి, జిమ్ముకు డబ్బు కట్టనవసరం లేదు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చేస్తున్నాను. మీరు ప్రయత్నించకుండానే బరువు తగ్గుతున్నా, దాహం, మూత్రం ఎక్కువవుతున్నా ఈ పథ్యం మీద ఆధారపడి ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి. సన్నటివారిలో వేరే రకం మధుమేహం ఇలాగే మొదలు కావచ్చు. శిబిరంలో వచ్చిన అంకెను కూడా మంచి ల్యాబులో సిర నుంచి తీసిన రక్తంతో ఒకసారి నిర్ధారించుకోండి.

ప్రశ్న: నాకు 63 ఏళ్లు, కృష్ణలంకలో ఉంటాను. రెండేళ్లుగా షుగరు బోర్డరులో ఉందంటున్నారు. అల్లుడు గారు నూజివీడు నుంచి బుట్టెడు రసాల మామిడిపండ్లు పంపారు. ఇంట్లోవాళ్లు ముట్టనివ్వడం లేదు. రోజూ కాకరకాయ పొడి వేసుకుంటున్నాను కదా, రెండు పండ్లు తింటే తప్పా?
ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మామిడి పండు తినండి, కాకర పొడిని నమ్ముకుని తినకండి. కాకరకాయను కూరగా ఎంతైనా తినవచ్చు, నానబెట్టిన మెంతులు చెంచాడు తీసుకున్నా పీచు వల్ల కొంత మేలే. కానీ అందులో ఏమి కలిపారో తెలియని పొడులు కాలేయానికి ముప్పు తేవచ్చు, పైగా అవి వేసుకున్నామన్న ధైర్యం కంచంలో చేయిని జారవిడుస్తుంది.

మామిడి గుజ్జు నూరు గ్రాములలో పదిహేను గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. కనుక చిన్న రసం అయితే ఒకటి, బంగినపల్లి అయితే సగం, అదీ భోజనంలో కాకుండా సాయంత్రం నాలుగింటికి, ఆ పూట బిస్కెట్లు, ఇతర చిరుతిళ్లు మానేసి తినండి. మన ఇళ్లలో పెరుగన్నంలో మామిడి పండు నంజుకునే అలవాటు ఎంత తీయనిదో నాకూ తెలుసు, మీకు మాత్రం అన్నమూ పండూ ఒకే పూట కలవకూడదు. రసం తీసి గ్లాసులో పోసుకోవద్దు, ఒక గ్లాసులోకి మూడు పండ్లు వెళ్లిపోతాయి. ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే పండు తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు చూడండి. 140 లోపు ఉంటే ఆ అంకెను కాగితం మీద రాసి ఇంట్లోవారికి చూపించండి, దాటితే మరుసటి రోజు సగం పండు తిని మళ్లీ చూడండి.